తిరుపతి ఎండల్లో కొత్త సిస్టమ్, ప్రాసెసర్ 90 డిగ్రీలు: ఎక్కడ వెతకాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొర్లగుంటలో మిద్దె మీద గది, రైజెన్ 5 5600 ప్రాసెసర్, బి550 మదర్‌బోర్డు, ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన కూలరే, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, ముందువైపు అద్దం ఉన్న క్యాబినెట్. నువ్వే కూర్చుని బిగించుకున్నావు. ఖాళీగా ఉన్నప్పుడు 52, గేమ్ ఆడితే 80 దాకా, ప్రాసెసర్‌ని పూర్తిగా కష్టపెట్టే సినీబెంచ్ టెస్ట్ పెడితే 90 చూపిస్తోంది. సామాన్లు కొన్న చోట నీళ్లతో చల్లబరిచే లిక్విడ్ కూలర్ పెట్టుకోమన్నారు, ఫ్రెండేమో ప్రాసెసర్ కాలిపోతుందని భయపెట్టాడు, మూడు రోజులుగా నీకు టెన్షన్. ముందు రెండు మాటలు చెప్పేస్తాను, మిగతాది నిదానంగా చదువు. ప్రాసెసర్ కాలిపోదు. లిక్విడ్ కూలర్‌కి ఇప్పుడే డబ్బు తీయొద్దు.

కాలిపోదని ఎందుకంటున్నానంటే, నీ 5600కి దాన్ని తయారుచేసిన ఏఎండీ కంపెనీ పెట్టిన గరిష్ఠ హద్దు 90 డిగ్రీలు. 5600ఎక్స్‌కీ 5600జీకీ అది 95. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ వాటికి 100. ఆ హద్దు తగలగానే ప్రాసెసర్ తనంతట తానే స్పీడు తగ్గించుకుని, కరెంటు తక్కువ తీసుకుని, అక్కడే నిలబడుతుంది. ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయి ఇంకా పైకి పోతే సిస్టమ్ మొత్తం ఆఫ్ అయిపోతుంది. నష్టం జరగకుండా ఉండటానికే ఈ ఏర్పాటంతా.

అయితే ఇందులోనే ఒక చిక్కుంది, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. నీకు 90 కనపడుతోంది అంటే ప్రాసెసర్ హద్దుకు ఆనుకుని ఉంది. ఇక ఎంత కష్టం ఉన్నా ఆ అంకె 90 దగ్గరే ఉంటుంది. కొంచెం వేడెక్కిన సిస్టమూ 90 చూపిస్తుంది, కూలర్ సగం ఊడిపోయి ఉన్న సిస్టమూ 90 చూపిస్తుంది. తేడా ఎక్కడ తెలుస్తుందంటే వాట్లలో, క్లాక్‌లో, అంటే ప్రాసెసర్ నడిచే స్పీడులో. 5600 అనేది 65 వాట్ల ప్రాసెసర్ అని డబ్బా మీద రాసినా, బోర్డు మీద అది కూర్చునే సాకెట్ నుంచి గరిష్ఠంగా తీసుకునేది 76 వాట్లు. సినీబెంచ్ నడుస్తున్నప్పుడు 90 డిగ్రీల దగ్గర 76 వాట్లూ తీసుకుంటూ, కోర్లన్నీ 4 గిగాహెర్ట్జ్ పైన ఉంటే, నీ కూలర్ అంచు మీద ఉందంతే, మే నెలకి అది మామూలే. అదే 90 దగ్గర 50 వాట్లే తీసుకుని, క్లాక్ 3.5 దగ్గరికి పడిపోతుంటే కూలర్ కూర్చోవడంలో తప్పుంది. రెండూ ఒకటే అంకె, రెండింటి వైద్యం వేరు. నువ్వు ఉష్ణోగ్రత ఒక్కటే రాశావు కాబట్టి నీది ఏదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, కానీ నువ్వు అరగంటలో తేల్చుకోవచ్చు.

దానికి ముందు గది సంగతి. కూలర్ గాలితో పనిచేస్తుంది, గదిలో ఉన్న గాలి కన్నా చల్లగా అది దేన్నీ చేయలేదు. యూట్యూబ్‌లో నువ్వు చూసే రివ్యూలు చాలావరకు ఏసీ గదుల్లో, 20 నుంచి 25 డిగ్రీల మధ్య చేసినవి. మన ఊళ్లో మేలో బయట 40 దాటుతుంది. నీది మిద్దె మీద గది, పైన స్లాబు పగలంతా కాగి కాగి సాయంత్రం ఆరు తర్వాత ఆ సెగంతా లోపలికి వదులుతుంది, రాత్రి తొమ్మిదింటికి బయట కన్నా గదిలోనే ఎక్కువ ఉక్కగా ఉంటుంది. నువ్వు గేమ్ ఆడేది సరిగ్గా అప్పుడే. గది 25 నుంచి 38కి పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అదే పదమూడు డిగ్రీలు పెరుగుతుంది, అదే పని, అదే కూలర్. రివ్యూలో 77 చూపించినవాడికీ నీకూ మధ్య తేడా చాలావరకు ఆ గదే కావచ్చు. అందుకని రీడింగ్ రాసేటప్పుడు గది ఉష్ణోగ్రత పక్కన రాయకపోతే ఆ రీడింగ్‌కి అర్థం లేదు. గోడకి తగిలించే మామూలు థర్మామీటర్ ఒకటి కొను, దాన్ని క్యాబినెట్ ముందు, గాలి లోపలికి పోయే చోట పెట్టు. సిస్టమ్ వెనకాల పెట్టావో వేడిగాలి తగిలి తప్పు చూపిస్తుంది.

ఇక నీ ఐడిల్, అంటే ఖాళీగా ఉన్నప్పటి 52. గది 38 ఉంటే అది పద్నాలుగు డిగ్రీలే పైన, దిగులు పడాల్సింది కాదు. అదీగాక కొత్తగా విండోస్ వేసిన మొదటి ఒకటి రెండు రోజులు లోపల అప్‌డేట్లు, ఫైళ్ల ఇండెక్సింగ్, యాంటీవైరస్ స్కాన్ నడుస్తూనే ఉంటాయి, నువ్వు ముట్టుకోకపోయినా ప్రాసెసర్‌కి పని ఉంటుంది. రైజెన్‌లకి ఇంకో అలవాటు ఉంది, బ్రౌజర్ తెరిస్తే చాలు ఒక్క క్షణం పది పదిహేను డిగ్రీలు ఎగిరి మళ్లీ కిందకి వస్తుంది. నీ చిప్‌లో కోర్లున్న ముక్క దాదాపు 80 చదరపు మిల్లీమీటర్లే, చిటికెన వేలి గోరంత. ఆ కొంచెం చోటులో అన్ని వాట్లు పుడితే ఆ ఎగురు తప్పదు. బయాస్‌లో, అంటే విండోస్ రాకముందు తెరిచే బోర్డు సెట్టింగుల్లో, చూసి భయపడ్డానని కూడా రాశావు. బయాస్‌లో ఉన్నప్పుడు ప్రాసెసర్ విండోస్‌లో లాగా నిద్రలోకి జారదు, కాబట్టి అక్కడ ఎప్పుడూ కొంత ఎక్కువే చూపిస్తుంది.

కొలవడానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 ఒక్కటి వేసుకో, ఉచితమే. తెరిచేటప్పుడు సెన్సార్స్ ఓన్లీ అన్న గడిలో టిక్ పెట్టు. నీకున్న మిగతా టెంపరేచర్ సాఫ్ట్‌వేర్లన్నీ మూసెయ్, రెండు మూడు కలిసి ఒకే సెన్సార్‌ని అడుగుతుంటే ఒక్కోసారి పిచ్చి అంకెలు వస్తాయి. అందులో నువ్వు చూడాల్సింది టీసీటీఎల్/టీడై అన్న ఉష్ణోగ్రత, సీపీయూ పీపీటీ అన్న వాట్లు, కోర్ క్లాక్‌లు, సీపీయూ ఫ్యాన్ ఆర్‌పీఎం, థర్మల్ త్రాట్లింగ్, అంటే వేడికి స్పీడు తగ్గించుకోవడం, దగ్గర యెస్ అని ఉందా నో అని ఉందా. మాగ్జిమమ్ అన్న నిలువు వరసని చూసి కంగారు పడకు, ఎప్పుడో ఒక క్షణం తగిలిన అంకె అక్కడ అలాగే కూర్చుని ఉంటుంది. ఉష్ణోగ్రత ఉన్న వరస మీద డబుల్ క్లిక్ చేస్తే గ్రాఫ్ తెరుచుకుంటుంది, నాకు కావాల్సింది అది.

సిస్టమ్ ఆన్ చేసి పది నిమిషాలు ఊరికే వదిలెయ్. ఐడిల్ రాసుకో. తర్వాత సినీబెంచ్ ఆర్23లో మల్టీ కోర్ టెస్ట్ పది నిమిషాలది పెట్టు. పెట్టిన మొదటి పది సెకన్లు గ్రాఫ్ మీద నుంచి కన్ను తీయకు. ఇరవై ఏళ్లుగా సిస్టమ్‌లు బిగిస్తున్నాను, రిపేర్లు చూస్తున్నాను, వేడి మీద వచ్చిన ఏ కంప్లయింట్‌లోనైనా నేను మొదట అడిగేది ఎంత ఎక్కింది అని కాదు, ఎలా ఎక్కింది అని. ఎక్కే తీరులోనే తప్పు ఎక్కడుందో రాసి ఉంటుంది.

మొదటి రెండు మూడు సెకన్లలో 60, 65 దాకా గబుక్కున ఎగిరి, అక్కడి నుంచి నిమిషాల మీద మెల్లగా పైకి జరిగితే ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడిని దాటించే పేస్ట్ పని చేస్తోంది, కూలర్ కూర్చుంది. ఆ మొదటి ఎగురు ఎంత మంచి కూలర్ పెట్టినా ఉంటుంది. అలా కాకుండా మూడు నాలుగు సెకన్లలోనే 90కి పోయి గుద్దుకుని, వాట్లు వెంటనే పడిపోతే, వేడి ప్రాసెసర్ నుంచి కూలర్‌లోకి దాటడం లేదని అర్థం. ఇది తేల్చుకోవడానికి ఇంకో పద్ధతి ఉంది. టెస్ట్ రెండు నిమిషాలు నడిచాక పక్క అద్దం తీసి, ఫ్యాన్ రెక్కలకి దూరంగా, కూలర్ అల్యూమినియం రేకుల అంచు మీద జాగ్రత్తగా వేలు పెట్టి చూడు. స్క్రీన్ మీద 90 ఉంటే ఆ రేకులు చుర్రుమనాలి. స్క్రీన్ మీద 90 ఉండి రేకులు గోరువెచ్చగా ఉన్నాయంటే ఇక అనుమానమే అక్కర్లేదు, కూలర్ విప్పాల్సిందే. కిందటేడు చంద్రగిరి నుంచి ఒక అబ్బాయి సిస్టమ్ తెచ్చాడు, అప్పటికే అతను రెండు ఫ్యాన్లు అదనంగా కొన్నాడు, రేకులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. విప్పి చూస్తే టవర్ కూలర్, అంటే రేకులు నిలువుగా ఎత్తుగా ఉండే రకం, దాని అడుగున అంటించిన సన్నటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది, దాని మీద రాసిన హెచ్చరిక అక్షరాలు పేస్ట్ మీద తిరగబడి అచ్చుపడి ఉన్నాయి. పొర పీకి మళ్లీ బిగిస్తే ఇరవై డిగ్రీలకు పైనే తగ్గింది.

మూడో తీరు, ఎనిమిది పది నిమిషాలైనా గ్రాఫ్ ఆగకుండా ఎక్కుతూనే ఉండటం. అప్పుడు కూలర్ బాగానే ఉంది, దానికి అందే గాలే వేడెక్కిపోతోంది. క్యాబినెట్ పక్క అద్దం తీసేసి టెస్ట్ మళ్లీ నడుపు. రెండు మూడు డిగ్రీలు తగ్గితే పట్టించుకోకు, ఏ క్యాబినెట్‌లోనైనా అంత ఉంటుంది. ఎనిమిది పది తగ్గిందంటే నీ క్యాబినెట్‌కి ఊపిరాడటం లేదు. నీ గేమ్ రీడింగ్ చూస్తే నాకు ఈ అనుమానమే ఎక్కువగా ఉంది. గేమ్‌లో ప్రాసెసర్ సినీబెంచ్ అంత కరెంటు తీసుకోదు, కానీ నీ 3060 కార్డు ఒక్కటే 170 వాట్లు, ఆ వేడంతా అదే డబ్బాలో, ప్రాసెసర్ కూలర్‌కి సరిగ్గా కింద వదులుతుంది. పైగా నీ కూలర్ పై నుంచి గాలి పీల్చి బోర్డు మీదికి ఊదే రకం, చుట్టూ ఉన్న గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది.

ఇప్పుడు ఒక్కొక్కటి ఎలా సరిచేయాలో చెప్తాను. కూలర్ విప్పడం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే పోగొట్టుకునే అవకాశం ఉన్నది అక్కడే.

నీ 5600 లాంటి ఏఎం4 సాకెట్ ప్రాసెసర్లకి పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి, 1331 పిన్నులు. లివర్ వేసి ఉన్నా సాకెట్ వాటిని పట్టుకునే పట్టు అంత గట్టిది కాదు. కూలర్ చల్లగా ఉన్నప్పుడు పేస్ట్ గట్టిపడి జిగురులా పట్టుకుంటుంది, నువ్వు కూలర్‌ని నిటారుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా దానికి అతుక్కుని సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. పెంటియం 4 రోజుల్లో నా చేతిలోనే ఇలా జరిగింది, వేరేవాళ్ల సిస్టమ్, పిన్నులు ఒక వరస మొత్తం పక్కకి వాలిపోయాయి. లీడ్ తీసేసిన మైక్రోటిప్ పెన్సిల్ మూతి ఒక్కో పిన్నుకి తొడిగి నిలబెట్టడానికి మధ్యాహ్నమంతా పట్టింది, ఒక్క పిన్ను విరిగి ఉంటే కొత్త ప్రాసెసర్ కొనిచ్చేవాణ్ణి. అప్పటి నుంచి చల్లని కూలర్ నేను విప్పను. నువ్వు కూడా ముందు సినీబెంచ్ ఐదు నిమిషాలు నడిపి పేస్ట్‌ని వేడెక్కించు, తర్వాత షట్‌డౌన్ చేసి, ఎస్ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా) స్విచ్ ఆపి, కేబుల్ పీకి, క్యాబినెట్‌ని పక్కకి పడుకోబెట్టు. ఫ్యాన్ వైరు బోర్డు నుంచి తియ్. నాలుగు స్క్రూలూ ఒకేసారి ఒక్కోటి పూర్తిగా విప్పకుండా, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా వదులు చెయ్. స్క్రూలన్నీ వదలగానే బోర్డు వెనకున్న ఇనప ప్లేటుని పట్టుకునేది ఏదీ ఉండదు, అది జారిపోతుంది, వెనక నుంచి ఒక చెయ్యో, టేపో ఉంచు. కూలర్‌ని పైకి లాగకుండా, సీసా మూత తిప్పినట్టు ఎడమకీ కుడికీ మెల్లగా తిప్పు. జిగురు వదిలినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు ఎత్తు.

ఎత్తగానే తుడిచేయకు. ఫోన్‌తో ఫోటో తీసుకో, కూలర్ అడుగు ఒకటి, ప్రాసెసర్ ఒకటి. పేస్ట్ రెండు వైపులా పల్చగా, సమంగా పరుచుకుని ఉంటే కూర్చోవడం బాగుంది. ఒక పక్క మందంగా, ఇంకో పక్క లోహం మెరుస్తూ కనపడితే కూలర్ వాలి కూర్చుంది, అంటే స్క్రూలు ఒక వైపు ముందే పూర్తిగా బిగించేశావు. ఒక మూల అసలు పేస్టే అంటకపోతే అక్కడి స్క్రూ ప్లేటులో పట్టలేదు. కొత్తవాళ్ల సిస్టమ్‌లలో నేను ఎక్కువగా చూసేది ఈ వాలిన కూలరే. స్ప్రింగు గట్టిగా ఉంటుంది కదా, మొదటి స్క్రూని బలంగా చివరిదాకా తిప్పేస్తారు, ఎదురు మూల పైకి లేస్తుంది, పేస్ట్ ఆ వైపుకి తోసుకుపోతుంది. తర్వాత నాలుగూ బిగించినా ఆ పేస్ట్ వెనక్కి రాదు.

డబ్బాలో వచ్చిన కూలర్‌కి పేస్ట్ ముందే రాసి ఉంటుంది, అది ఒక్కసారికే. విప్పాక మళ్లీ అదే పేస్ట్ మీద పెట్టొద్దు. చిన్న ట్యూబ్ ఒకటి కొను, దీని కోసం చెన్నై రిచ్చీ స్ట్రీట్ దాకా పోనక్కర్లేదు, మన ఊళ్లో సిస్టమ్ సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. పాతది తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ. చేతులకి రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ కలుపుతారు, అది పొరలా మిగిలిపోతుంది. ఆరాక ప్రాసెసర్ మధ్యలో పేస్ట్ పెట్టు, కందిగింజ కన్నా కొంచెం పెద్దగా, బఠాణీ కన్నా కొంచెం చిన్నగా. వేలితో పూయాల్సిన పని లేదు, కూలర్ బిగించినప్పుడు పడే ఒత్తిడే పరుస్తుంది. అనుమానం ఉంటే ఒక చుక్క ఎక్కువైనా పర్లేదు, పక్కలకి కారినా ఇప్పటి మామూలు పేస్టుల్లో కరెంటు పారదు, లిక్విడ్ మెటల్ అన్నది మాత్రం అసలు ముట్టుకోకు. కూలర్ నిటారుగా దించు, మళ్లీ ఎత్తి చూడాలనే కోరిక ఆపుకో. నాలుగు స్క్రూలూ ముందు చేత్తో పట్టించి, తర్వాత స్టార్ స్క్రూడ్రైవర్‌తో ఎదురెదురు మూలలకి రెండేసి చుట్లు చొప్పున తిప్పుకుంటూ పో. చివరికి స్క్రూ తనే ఆగుతుంది, అక్కడ ఆపెయ్.

ఇంటెల్ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ డబ్బా కూలర్‌కి స్క్రూలు ఉండవు, నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. ఎదురెదురుగా నొక్కాలి, టక్ మని శబ్దం రావాలి, బోర్డు వెనక తిప్పి చూస్తే నాలుగు చోట్లా మొనలు బయటికి వచ్చి ఉండాలి. మూడు పట్టి ఒకటి పట్టని సిస్టమ్‌లు నెలకి ఒకటైనా చూస్తాను. ఇంకా, కొన్ని బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏ కూలర్ అని అడుగుతాయి, అక్కడ వాటర్ కూలర్ అని నొక్కేస్తే కరెంటు హద్దులన్నీ ఎత్తేస్తాయి, డబ్బా కూలర్ ఉన్నవాళ్లు బాక్స్‌డ్ కూలర్ అనే పెట్టుకోవాలి.

ఇక క్యాబినెట్. నీ ఫోటోలో నాకు మొదట కనపడింది క్యాబినెట్ కూడా కాదు, అది పెట్టిన చోటు. కంప్యూటర్ టేబుల్ కింద సీపీయూ కోసమని చేసిన గూట్లో పెట్టావు, వెనక గోడకి ఆనించావు, ముందు తలుపు కూడా ఉంది. ఆ గూడు పాతకాలం సిస్టమ్‌లకి చేసింది. వెనక నుంచి వచ్చిన వేడిగాలికి పోయే దారి లేక ముందుకి తిరిగి వచ్చి మళ్లీ అదే గాలి లోపలికి పోతోంది. ముందు దాన్ని బయటికి తీసి టేబుల్ పక్కన ఒక పీట మీదో, చిన్న స్టూల్ మీదో పెట్టు, వెనక కనీసం అర అడుగు ఖాళీ ఉంచు, ఆ తర్వాత ఒకసారి గేమ్ ఆడి చూడు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా నీ సమస్యలో సగం ఇక్కడే పోవచ్చు.

తర్వాత ఫ్యాన్లు ఏ దిక్కుకి తిరుగుతున్నాయో చూడు. ఫ్యాన్‌కి రెక్కలు తెరిచినట్టు కనపడే వైపు గాలి పీలుస్తుంది, ప్లాస్టిక్ కమ్మీలు అడ్డంగా ఉన్న వైపు ఊదుతుంది. ముందువి లోపలికి పీల్చాలి, వెనకది బయటికి ఊదాలి. కళ్లతో తేలకపోతే ఒక అగరుబత్తి వెలిగించి ప్రతి ఫ్యాన్ దగ్గరా పట్టుకో, పొగ ఎటు పోతుందో గీత గీసినట్టు కనపడుతుంది. అద్దం ముందుండే క్యాబినెట్లలో గాలి పక్కనున్న సన్నటి చీలికల నుంచే రావాలి, పొగ ఆ చీలికల దగ్గర లోపలికి పోకుండా అక్కడే తచ్చాడుతుంటే ఆ మూడు లైట్ల ఫ్యాన్లూ అందానికే ఉన్నట్టు. అప్పుడు ముందు అద్దాన్ని కొంచెం ముందుకి జరిపి, మధ్యలో చిన్న స్పేసర్లు పెట్టి అర అంగుళం సందు చేసుకోవచ్చు. జాలీ ముఖం ఉన్న క్యాబినెట్ కొంటే ఇంకా మంచిది, కానీ ఇప్పుడే మార్చమని నేను అనను.

బయాస్‌లో చూడాల్సింది కొంచెమే. కూలర్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసిన పిన్నులకే పెట్టావా, లేక పక్కనున్న సిస్టమ్ ఫ్యాన్ పిన్నులకా అన్నది ఒకటి. సిస్టమ్ ఫ్యాన్ పిన్నులకి పెడితే చాలా బోర్డుల్లో అది ప్రాసెసర్ వేడిని కాక బోర్డు వేడిని చూసి తిరుగుతుంది, ప్రాసెసర్ 90లో ఉన్నా ఫ్యాన్ నిదానంగానే ఉంటుంది. రెండోది ఫ్యాన్ స్పీడు గీత. మన ఊరి ఎండలకి నేను పెట్టేది 50 డిగ్రీలకి 40 శాతం, 65కి 60, 75కి 80, 82కి వంద. ఇందాక చెప్పిన చిన్న ఎగురులకల్లా ఫ్యాన్ గీ మని అరవకుండా స్టెప్ అప్ టైమ్ అన్నదాన్ని రెండు మూడు సెకన్లు పెట్టు. బోర్డు తనంతట తను స్పీడు పెంచే గేమ్ బూస్ట్ లాంటివి ఏవైనా ఆన్‌లో ఉంటే ఆపెయ్.

ఇన్నీ సరిగ్గా ఉండి, గది వల్లే 90 తగులుతోందని తేలితే, డబ్బు పెట్టే ముందు ఇంకో మెట్టు ఉంది. బయాస్‌లో కరెంటు హద్దులు మార్చే పీబీఓ అన్న చోట మాన్యువల్‌కి మార్చి, గరిష్ఠ వాట్లు చెప్పే పీపీటీ దగ్గర 76 బదులు 60 వాట్లు ఇవ్వు. సినీబెంచ్ స్కోరు కొంత తగ్గుతుంది, గేముల్లో తేడా నీకు కనపడదు, వేడి మాత్రం బాగా దిగుతుంది. మే, జూన్ రెండు నెలలూ అలా ఉంచి, వానలు పడ్డాక తీసేసేవాళ్లు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. కర్వ్ ఆప్టిమైజర్ అని ఇంకోటి ఉంది, మైనస్ 10, 15 పెడితే అదే స్పీడుకి తక్కువ వోల్టేజ్ తీసుకుంటుంది. కానీ ఒక్కో చిప్ ఒక్కోలా ఉంటుంది, ఎక్కువ మైనస్ పెడితే టెస్టులు అన్నీ పాసై, ఊరికే ఉన్నప్పుడు రీస్టార్ట్ అవుతుంది. ప్రాజెక్ట్ పని ఉన్న వారంలో మాత్రం దాని జోలికి పోకు.

కూలర్ ఎప్పుడు కొనాలి అంటే, పక్క అద్దం తీసినా తగ్గక, పేస్ట్ మళ్లీ పెట్టినా తగ్గక, ఫ్యాన్ వంద శాతం తిరుగుతూ ఆ చప్పుడు నువ్వు భరించలేనప్పుడు. నువ్వు వీడియో రెండరింగ్ లాంటివి గంటలు గంటలు చేసేవాడివైతే ఇప్పుడే కొన్నా తప్పనను. అప్పుడు కూడా ఒకే ఫ్యాన్ ఉన్న 120 మిల్లీమీటర్ల టవర్ కూలర్ చాలు, 76 వాట్లకి అది ఎక్కువే. డీప్‌కూల్ ఏకే400 లాంటిది 155 మిల్లీమీటర్ల ఎత్తుంటుంది, కొనేముందు నీ క్యాబినెట్ ఎంత ఎత్తు కూలర్ పడుతుందో చూసుకో, అద్దం మూయకపోతే మళ్లీ తిరగాలి. లిక్విడ్ కూలర్ చెడ్డదని కాదు, దానిలోని నీళ్లని కూడా చివరికి చల్లబరచాల్సింది నీ గదిలోని ఆ 38 డిగ్రీల గాలే. చిన్న రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్ మంచి టవర్ కన్నా పెద్దగా చేసేదేమీ లేదు, పైగా దానిలో పంపు ఒకటి, ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. ఆ డబ్బుని ర్యామ్‌కో, ఒక మంచి యూపీఎస్‌కో పెట్టు.

ఎయిర్ కూలర్ గురించి అడిగావు. గదిలో నడుపుకో, గది చల్లబడితే సిస్టమ్‌కీ మంచిదే, కిటికీ మాత్రం తెరిచి ఉంచు. కానీ ఆ తడిగాలి నేరుగా క్యాబినెట్ ముందుకి తగిలేలా పెట్టొద్దు, తేమతో దుమ్ము కలిసి రేకుల మధ్య బురదలా పట్టేస్తుంది, బ్లోయర్‌తో ఊదినా రాదు. పక్క గదిలో పూజ, శుక్రవారం సాంబ్రాణి అని రాశావు, ఆ పొగ జిడ్డు కూడా అలాంటిదే, ఆ అరగంట సిస్టమ్ ఆఫ్ చేసుకో. గాలి లోపలికి పోయే చోట దుమ్ము ఆపే జాలీ ఉంటే నెలకోసారి కడుగు.

ఈ రోజు సాయంత్రం ముందు గూట్లోంచి బయటికి తీసి ఒకసారి టెస్ట్ నడుపు. రేపు తెల్లవారుజామున, సుప్రభాతం వినపడే వేళకి లేవగలిగితే అప్పుడు ఇంకోసారి, స్లాబు పూర్తిగా చల్లారి ఉంటుంది. రెండుసార్లూ గది డిగ్రీలు, ప్రాసెసర్ డిగ్రీలు, వాట్లు, క్లాక్, ఆ గ్రాఫ్ ఫోటో ఇక్కడ పెట్టు. రెండు రీడింగుల్లోనూ గదికీ ప్రాసెసర్‌కీ మధ్య తేడా ఒకటే ఉంటే కూలర్ విప్పొద్దు, తెల్లవారుజామున కూడా మూడు సెకన్లలో 90 కొడితే మాత్రం పేస్ట్ ట్యూబ్ తెచ్చుకుని నాకు చెప్పు, విప్పేటప్పుడు ఫోన్‌లో ఉంటాను.